పంక్తిభేదము

మూలవాక్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1–7

తెలుగు ఇండ్లలో పంక్తిభేదము చిన్న దోషము కాదు. ఒకే వరుసలో కూర్చున్నవారిలో ఒకరి విస్తరిలో నెయ్యి ధారగా పడి, ప్రక్కవారి విస్తరి దాటిపోయినయెడల, ఆకలికంటె ఆ దాటిపోవుటయే మనస్సును ఎక్కువగా నొప్పించును. దాటిపోబడినవాడు నోరు తెరచి అడుగవలెనా? అడిగినయెడల తిండికి మొగము వాచినవాడని నలుగురును అనుకొందురు. ఊరకుండవలెనా? ఊరకున్నయెడల వడ్డించువాడు తన తప్పును ఎన్నటికిని ఎరుగడు. తరువాతి పంక్తిలోను అదే విస్తరిని దాటిపోవును.

యెరూషలేములోని తొలి సంఘము ఈ చిక్కునే ఎదుర్కొనెను. శిష్యుల సంఖ్య విస్తరించుచున్న దినములలో, అనుదినము జరుగు పరిచర్యలో గ్రీకు భాష మాటలాడు యూదుల విధవరాండ్రు విడువబడుచుండిరి. ఎవరును వారిని ద్వేషించినట్లు లూకా వ్రాయలేదు. వడ్డించువారు దుర్మార్గులని చెప్పలేదు. పని పెరిగెను, చేతులు చాలలేదు, భాష వేరాయెను. వారి విస్తళ్లు దాటిపోవుచుండెను. అప్పుడు వారి పక్షమువారు సణిగిరి.

ఆ సణుగుడు పాపమా?

ఒకే మాట, రెండు తీర్పులు

ఈ ప్రశ్న వేదపండితులది మాత్రమే కాదు. పక్షవాతముతో మంచము పట్టిన తల్లి గల ఇల్లు, జ్ఞాపకశక్తి సన్నగిల్లిన తండ్రి గల ఇల్లు, అంగవైకల్యముగల కుమారుడు పెరిగి పెద్దవాడైన ఇల్లు, ప్రతిదినము ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచున్నవి. సర్కారు తరపున ఒక అధికారి వచ్చును, కొన్ని ప్రశ్నలు అడుగును, కాగితము నింపుకొని పోవును. కొన్ని వారములకు ఉత్తరువు వచ్చును. అందులో తల్లి పేరు ఉండును గాని తల్లి యుండదు. ఆమె లేవలేని ఉదయములు, నిద్రలేని రాత్రులు అందులో కనబడవు. ఇంటివారు ఫిర్యాదు చేయబూనగా, సంఘములోని పెద్ద ఒకరు మృదువుగా, ‘సణుగక ప్రభువు మీద భారము వేయుడి’ అని హితవు చెప్పును. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2:14 అప్పుడు జ్ఞాపకమునకు తేబడును. అరణ్యములో సణిగి నశించిన ఇశ్రాయేలీయుల సంగతియు చెప్పబడును.

ఇక్కడ మూలభాష ఒక ఆశ్చర్యమును దాచియున్నది. ఫిలిప్పీ పత్రికలో పౌలు మానుమన్న సణుగుడునకు ‘గొంగుస్మొస్’ అను గ్రీకు మాట వాడబడినది. నిర్గమకాండము 16వ అధ్యాయపు పురాతన గ్రీకు అనువాదములో అరణ్యపు సణుగుడునకు ఆ మాటయే కలదు. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్ర పక్షమున లేచిన ఫిర్యాదునకును లూకా ఎంచుకొన్నది అదే మాట. అరణ్యపు జ్ఞాపకముతో నిండిన మాటనే వ్రాసెను. అయినను ఆ ఫిర్యాదును ఖండించిన ఒక్క మాటయైనను వ్రాయలేదు. పన్నిద్దరును సణిగినవారిని గద్దింపలేదు. సమూహమంతటిని పిలిచి ఏర్పాటునే మార్చిరి.

మాట ఒకటియైనప్పుడు తీర్పు రెండు విధములుగా ఉండుటకు కారణమేమి? అరణ్యములోని జనులు దేవుని హృదయమునే నిందించిరి. తమ్మును చంపుటకే ఆయన ఐగుప్తునుండి తెచ్చెనని పలికిరి. విధవరాండ్ర పక్షమువారు ఆలాగు పలుకలేదు. దేవుడు రొట్టె నిచ్చెను, అది సంఘమునకు చేరెను, కాని మనుష్యుల చేతులలో ఆగి ఈ విస్తళ్లకు రాలేదని పలికిరి. మొదటి సణుగుడు దేవుని ఈవిని త్రోసివేయును. రెండవది ఆ ఈవి చేరవలసిన చోటికి చేరవలెనని వేడుకొనును. మొదటిది అవిశ్వాసము. రెండవది దేవుని న్యాయమందలి విశ్వాసమే.

ఇంగ్లండు దేశపు మార్గము

ఈ విషయము విశదముగా కనబడు చోటు ఇంగ్లండు. 1601లో ఎలిజబెత్ రాణి కాలమున ఏర్పడిన దరిద్రపోషణ చట్టము బీదల భారమును ప్రతి పారిష్‌పైన మోపెను. 1834 చట్టము ఆ సహాయమును కఠినపరచి, పనిగృహములలో చేరినవారికే సహాయము అను పద్ధతిని బలపరచెను. సహాయము కోరువాడు సిగ్గుపడునట్లుగా ఆ ఏర్పాటు సాగెను. 1948లో జాతీయ సహాయ చట్టము ఆ పాత చట్టమును రద్దుచేసి, వృద్ధులయు వికలాంగులయు సంరక్షణను స్థానిక కౌన్సిళ్ల బాధ్యతగా చేసెను. నేడు ఆ దేశములో పెద్దవారి సంరక్షణకు ఆధారము 2014 నాటి కేర్ యాక్ట్. దాని ముఖ్యభాగములు 2015 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను.

ఆ చట్టపు క్రమము తెలిసికొనదగినది. ఒక వ్యక్తికి సంరక్షణ అక్కర ఉండవచ్చునని కౌన్సిలునకు కనబడినంతనే, 9వ సెక్షను ప్రకారము ఆ అక్కరలను నిర్ధారణ చేయవలెను. అక్కర ఎంత పెద్దదో, ఆ వ్యక్తియొద్ద ఎంత ధనమున్నదో అను తలంపు ఈ పనికి అడ్డము రాకూడదు. ఆ వ్యక్తిని, అతనిని కనిపెట్టుకొని యుండు వారిని ఆ పనిలో చేర్చుకొనవలెను. 10వ సెక్షను కనిపెట్టుకొని యుండు భార్యకు, కుమార్తెకు, పొరుగువానికి కూడ వారి స్వంత అక్కరలు విచారింపబడు హక్కునిచ్చుచున్నది. నిర్ధారణ పత్రపు ప్రతి ఆ వ్యక్తికి ఇయ్యబడవలెను. తన మాట తాను గ్రహించి చెప్పుకొనుటలో మిక్కిలి కష్టపడువానికి, అండగా నిలుచు తగినవారు లేనియెడల, 67వ సెక్షను ప్రకారము స్వతంత్ర ప్రతినిధిని ఏర్పాటు చేయవలెను.

అటుపిమ్మట అర్హత విచారింపబడును. 2015 నియమములలో 10 సంగతులు పేర్కొనబడినవి: భోజనము, దేహశుభ్రత, మరుగుదొడ్డి అవసరములు, తగిన వస్త్రధారణ, ఇంటిలో క్షేమముగా మెలగుట, ఇంటిని నివాసయోగ్యముగా ఉంచుకొనుట, బంధుత్వములను నిలుపుకొనుట, పని లేక విద్య, ఊరిలోని వసతులను వాడుకొనుట, బిడ్డల సంరక్షణ. శారీరక లేక మానసిక వైకల్యము వలననో వ్యాధి వలననో వీటిలో 2 గాని అంతకు మించి గాని నెరవేర్చుకొనలేక, అందువలన జీవితక్షేమము గణనీయముగా దెబ్బతినినయెడల, ఆ వ్యక్తి అర్హుడు. కష్టముమీద చేసికొనగలిగినను, అందువలన మిక్కుటమైన నొప్పియో ఆందోళనయో కలుగునట్లయితే, చేసికొనలేనట్లే లెక్క. అటుపిమ్మట సంరక్షణ ప్రణాళిక వ్రాయబడును, దానికి కావలసిన మొత్తము నిర్ణయింపబడును, కాలానుగుణముగా అది పునఃపరిశీలింపబడవలెను.

అర్హతను విచారించుట ఆత్మసంబంధము కానిదని ఎవరును తలంపకూడదు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలే విధవరాండ్ర లెక్కకు నియమములు పెట్టెను: అరువది సంవత్సరముల వయస్సు, సత్క్రియల సాక్ష్యము, ఇంటివారి బాధ్యత. సంఘపు సొమ్ము మితమైనది; నిజముగా దిక్కులేనివారికి అది చేరవలెను. నియమము ప్రేమకు శత్రువు కాదు. చూడవలసినదానిని చూడకుండ నియమమును చదువుటయే ప్రేమకు శత్రువు.

అడుగక వ్రాసినవారు

యెరికో త్రోవలో బర్తిమయి కేకలు వేయగా అనేకులు అతనిని ఊరకుండుమని గద్దించిరి. ప్రభువు నిలిచి, అతనిని పిలిపించి, తాను అతనికి ఏమి చేయవలెనని అతడు కోరుచున్నాడో అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో చూచువారందరికి తెలియును, సర్వజ్ఞునికి తెలియదా? అయినను అడిగెను. అడుగుటలో ఆయన అతనిని భిక్షకుల గుంపునుండి వేరుచేసి ఒక మనుష్యునిగా నిలువబెట్టెను. నిజమైన అక్కరల నిర్ధారణకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

ఫిర్యాదులు పుట్టునది సాధారణముగా ఈ అడుగుట లోపించిన చోటనే. ఆయా దినములలో రోగి స్థితి మారుచుండును. వచ్చిన దినమున చూచినదే వ్రాయబడును. కనిపెట్టుకొని యుండు కుమార్తె తన ఉద్యోగము మానుకొన్నది; ‘కుటుంబ సహాయము కలదు’ అని వ్రాయబడును. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో మరియొక చిక్కు కలదు. స్వదేశమునుండి వచ్చి బిడ్డలయొద్ద నుండు వృద్ధురాలిని ‘ఎట్లున్నారు?’ అని అడుగగా, ‘ప్రభువు కృపవలన బాగుగానే ఉన్నాను’ అని చెప్పును. ఆ మాట ఆమె విశ్వాసమునకు సాక్ష్యము, పెద్దరికపు మర్యాద. కాగితముమీద మాత్రము అది ‘సహాయము అక్కరలేదు’ అని మారును. యెరూషలేములో విడువబడినవారు భాష వేరైన విధవరాండ్రే అను సంగతి ఇక్కడ మరువరానిది. అట్టి తల్లికి దుబాసీని అడుగుట గొంతెమ్మ కోరిక కాదు. స్నానమునకు ఎంతసేపు పట్టునో, రాత్రి ఎన్నిమార్లు లేచునో, ఎప్పుడు పడిపోయెనో ఉన్నదున్నట్లు చెప్పుట కృతఘ్నత కాదు. అది సత్యము పలుకుటయే.

వ్రాసిన మాటకు బరువు

2014 చట్టము రాకముందు ఒక వ్యాజ్యము నడిచెను. లండనులోని కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిలు పరిధిలో, పక్షవాతమువలన నడక కుంటుపడిన ఒక స్త్రీకి రాత్రివేళ అనేక పర్యాయములు మూత్రవిసర్జనకు లేవవలసి వచ్చుచుండెను. ఆమె ఆపుకొనలేని స్థితిలో లేదు. కమోడు నొద్దకు చేర్చు ఒక చేయి మాత్రమే కావలసియుండెను. అక్కరల పత్రములోను ఆ సహాయమే వ్రాయబడెను. కౌన్సిలు ఖర్చును తలపోసి, రాత్రి సహాయకురాలికి బదులుగా ప్యాడ్లు వాడుకొనుమనెను. తరువాతి పరిశీలనలలో అక్కర వేరొక మాటలతో వర్ణింపబడెను: రాత్రి క్షేమముగా మూత్రవిసర్జన జరుగుట. మొదటి మాటలో లేచి నడువగోరు ఒక స్త్రీ ఉన్నది. రెండవ మాటలో ఆమె కనబడదు.

2011 జూలైలో బ్రిటిషు సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయాధిపతులలో నలుగురు కౌన్సిలు పక్షముగా తీర్పు చెప్పిరి. న్యాయమూర్తి లేడీ హేల్ ఒక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2014 మే నెలలో స్ట్రాస్‌బర్గులోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానము, 2008 నవంబరు 21 మొదలుకొని 2009 నవంబరు 4 వరకు ఆమె హక్కునకు భంగము కలిగెనని తీర్పు చెప్పెను. ఆ కాలములో కౌన్సిలు తాను వ్రాసిన అక్కరకు తానే సరిపోవు సహాయము చేయలేదు. పత్రము మారిన తరువాతి కాలమును గూర్చిన ఆమె మొఱ్ఱ మాత్రము అంగీకరింపబడలేదు.

ఈ తీర్పులో రెండు పాఠములు కలవు. వ్రాయబడిన మాట బలహీనునికి కోట; గనుక ఏమి వ్రాయబడెనో చదువుకొనుట, తప్పినచోట దిద్దింపగోరుట అవసరము. రెండవది దుఃఖకరమైనది. మాట మార్చబడిన తరువాత చట్టము ఆమెను కాపాడలేకపోయెను. చట్టము కొంతదూరమే నడిపించును. అటుపైన మనుష్యుని గౌరవమును కాపాడునది, అతడు దేవుని స్వరూపమందు చేయబడెనని ఎరిగిన హృదయమే.

ఫిర్యాదునకు క్రమము

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారపు ద్వారమున మోషే యెదుటను యాజకుని యెదుటను ప్రధానుల యెదుటను నిలిచిరి. గుడారములలో గుసగుసలాడలేదు. జరిగినది చెప్పిరి, నష్టము చెప్పిరి, కోరునది చెప్పిరి. మోషే తొందరపడక వారి వ్యాజ్యమును ప్రభువు సన్నిధికి తెచ్చెను. వారి మాట న్యాయమని దేవుడు తీర్పిచ్చెను. అంతటితో ఆగక, వారివంటి వారందరికిని వర్తించు కట్టడను నియమించెను. ఒక్క ఇంటి ఫిర్యాదు ఇశ్రాయేలు కుమార్తెలకందరికి మేలాయెను.

ఇంగ్లండులోను అట్టి ద్వారము కలదు. మొట్టమొదట కౌన్సిలునకే ఫిర్యాదు చేయవలెను. సహోదరుడు తప్పిదము చేసినయెడల ముందుగా అతనియొద్దకే వెళ్లుమన్న మత్తయి 18వ అధ్యాయపు బుద్ధికి ఇది దూరము కాదు. 2009 నియమముల ప్రకారము, ఫిర్యాదు అందినట్లు 3 పనిదినములలో తెలుపవలెను. జరిగిన సంగతి తెలిసిన 12 నెలలలోగా ఫిర్యాదు చేయుట సాధారణ నియమము. కౌన్సిలు జవాబు తృప్తికరము కానియెడల లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ నొద్దకు పోవచ్చును. 1974 చట్టముచే ఏర్పడిన ఈ పదవి 2017లో ఈ పేరు పొందెను. అక్కడ రుసుము లేదు. ఆ అధికారి తన అభిప్రాయమును కౌన్సిలు అభిప్రాయమునకు బదులుగా నిలుపడు. నిర్ణయము చేసిన విధానములో తప్పు కలదా, ఆ తప్పువలన అన్యాయము జరిగెనా అని రెండు ప్రశ్నలు వేయును. జరిగినయెడల క్షమాపణ చెప్పుమని, తిరిగి నిర్ధారణ చేయుమని, నష్టమునకు కొంత చెల్లింపుమని, ఇతరులకు అట్లు జరుగకుండ పద్ధతి దిద్దుకొనుమని సిఫారసు చేయును. సెలోపెహాదు కుమార్తెలకు లభించినట్లే, ఒకరి కన్నీరు పలువురికి గోడయగును.

అట్టి ఫిర్యాదు చేయు విశ్వాసికి కొన్ని హద్దులు కలవు. తేదీలను వ్రాసి ఉంచుకొనవలెను. పత్రములోని ఏ మాట వాస్తవమునకు విరుద్ధమో చూపవలెను. ఏమి సరిచేయబడవలెనో స్పష్టముగా కోరవలెను. అధికారి గుణమును నిందింపకూడదు. జరిగిన తప్పునే చూపవలెను. అన్యాయస్థుడైన న్యాయాధిపతియొద్దకు మరల మరల వెళ్లిన విధవరాలిని ప్రభువు మాదిరిగా చూపెను గాని, ఆమె అతనిని శపించెనని చెప్పలేదు. ఆమె బలము పట్టుదలయే.

వడ్డించువారి పక్షము

యెరూషలేములో వడ్డించినవారి ప్రక్కనుండియు ఈ కథను చదువవలెను. కౌన్సిలులో పనిచేయు సోషల్ వర్కరు చేతిలో అనేకుల కాగితములు, కొద్దిపాటి సొమ్ము ఉండును. ఇంగ్లండు ఆసుపత్రులలోను సంరక్షణ గృహములలోను పనిచేయు భారతీయులలో తెలుగు విశ్వాసులును కలరు. వారు ఒకవైపు వడ్డించువారు, మరియొకవైపు స్వదేశములోని తమ తలిదండ్రుల విస్తరిని తలచి కలతపడువారు. అట్టివారిని రాళ్లతో కొట్టుటకు ఈ వాక్యభాగము ఇయ్యబడలేదు.

విధవరాండ్రు విడువబడిరను చోట లూకా వాడిన గ్రీకు క్రియకు ‘ప్రక్కగా చూచిపోవుట’ అని అర్థము. చూచియు చూడనట్లు పోవుటయే. ఏడుగురిని ఏర్పరచుకొనుడని అపొస్తలులు చెప్పిన క్రియ ‘ఎపిస్కెప్తొమై’. శ్రద్ధతో చూచుట దాని భావము. యాకోబు 1:27లో విధవరాండ్రను పరామర్శించుట అనునదియు, మత్తయి 25:36లో రోగిని చూడవచ్చుట అనునదియు ఇదే క్రియ. చూపు తప్పిన రోగమునకు అపొస్తలులిచ్చిన ఔషధము మరల చూచుటయే. వారు తమ గౌరవమును కాపాడుకొనుటకు చూడలేదు. ఏడుగురి పేళ్లు, స్తెఫను మొదలుకొని నికొలాసు వరకు, అన్నియు గ్రీకు పేళ్లే. ఫిర్యాదు చేసిన పక్షమువారికి గరిటె అప్పగింపబడినట్లున్నది. ఫిర్యాదును విని తన ఏర్పాటును మార్చుకొను అధికారి ఓడిపోవుటలేదు; అపొస్తలుల త్రోవలో నడచుచున్నాడు.

స్వదేశమందలి సంఘము

భారతదేశమందు త్రోవ వేరు. 2007 నాటి తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము మొదటి బాధ్యతను బిడ్డలపైనే ఉంచెను. తమ్మును తాము పోషించుకొనలేని తలిదండ్రులు ట్రిబ్యునలు నొద్ద మనవి చేసికొనవచ్చును. వికలాంగులకు 2016 చట్టము ప్రకారము 40 శాతము అను కొలత అనేక సదుపాయములకు వాకిలి. తెలుగు రాష్ట్రములలో సదరం శిబిరపు వరుసలో నిలిచినవారు ఆ అంకెకు గల బరువును ఎరుగుదురు. దేశము వేరైనను ప్రశ్న ఒకటే: కాగితములో మనుష్యుడు కనబడుచున్నాడా?

ఇక్కడ సంఘమునకు పని కలదు. చదువురాని విధవరాలి పత్రమును చదివి చెప్పు యౌవనస్థులు కావలెను. శిబిరమునకు, ఆఫీసునకు తోడుగా వెళ్లువారు కావలెను. తల్లిని కనిపెట్టుకొని యుండు కుమార్తెకు ఒక్క ఆదివారమైన ఆరాధనకు వచ్చు తీరిక కలుగునట్లు, ఆ పూట మంచముప్రక్కన కూర్చుండు సహోదరి కావలెను. ‘ప్రార్థన చేయుదుము’ అని చెప్పి వెళ్లిపోవుటయు ఒక పంక్తిభేదమే.

యెరూషలేములో ఆ ఏర్పాటు జరిగిన పిమ్మట లూకా వ్రాసిన మాట గమనింపదగినది. దేవుని వాక్యము ప్రబలెను, శిష్యుల సంఖ్య విస్తరించెను, యాజకులలో అనేకులు విశ్వాసమునకు లోబడిరి. విధవరాండ్ర విస్తళ్లు నిండిన తరువాతనే ఆ వాక్యము వచ్చుచున్నది. సంఘములో మొఱ్ఱ వినబడిన చోట సువార్తయు వినబడును.

దాటిపోబడిన విస్తరిని ఎరుగు ప్రభువు, అడుగువారికి మృదువైన ధైర్యమును, వడ్డించువారికి మరల చూచు కన్నులను అనుగ్రహించును గాక. ఆమేన్.